మన్ను ఎల్లెడల నొక్కటియేనా?

విత్తువాని ఉపమానమును మనము బాల్యమునుండి వినుచున్నవారమే. విత్తనము ఒక్కటియే, విత్తినవాడును ఒక్కడే. కాని త్రోవప్రక్కను, రాతినేలను, ముండ్లపొదలలోను, మంచినేలను పడినప్పుడు ఫలము నాలుగు విధములయ్యెను. ఆదివారపు బడిలో దీనిని బోధించునప్పుడు మేము మనుష్యుల హృదయములను గుఱించియే ప్రసంగింతుము. అది ఉచితమే. అయినను కథకు ఆధారమైన ఆ నేలను గుఱించి ఒక్క మాటయు చెప్పక దాటిపోవుచుంటిమి. ఈ సంవత్సరము ఆ నేలయే నన్ను ఆలోచింపజేసినది.

మన పాఠశాలకు ఉత్తరదిక్కున ఆటస్థలమును ఆనుకొనియున్న ఖాళీస్థలమును మీరందఱు నెఱుగుదురు. ఏటేట వనమహోత్సవమునాడు అచ్చట వేప, కానుగ, నేరేడు మొక్కలను నాటుచున్నాము. సంక్రాంతి సెలవులు గడచి మఱల బడికి వచ్చునప్పటికి అచ్చట ఎండుపుల్లలు మిగిలియుండుట పరిపాటియైనది. నీరు పోయలేదని బాలురను, కంచె దూకినవని మేకలను నిందించితిమి. నిందించినవారిలో నేనును ఒకడను. కాని ఆ స్థలమునకు ఇరువది అడుగుల దూరమున, పాతగోడ మొదట, కాకి జాఱవిడిచిన గింజనుండి ఒక వేపచెట్టు తనంతట తాను మొలచినది. దానికి నీరు పోసినవాడు లేడు, కంచె కట్టినవాడు లేడు. నేడు దాని నీడన మూడవ ఫారము బాలురు మధ్యాహ్నము అన్నము తినుచున్నారు. చేతులార పెంచినవి చచ్చి, ఎవరును పట్టించుకొననిది బ్రతుకుటకు కారణమేమి?

పల్లముగానుండిన ఆ స్థలమును మెఱకచేయుటకై కొన్నియేండ్ల క్రిందట లారీలతో ఎఱ్ఱమన్ను తోలించిరి. ఆ మన్ను ఎక్కడిదని అడిగితిని. “ఎక్కడిదైతేనేమి మాస్టారూ, మన్ను మన్నే గదా!” యని పనిచేయించువాడు నవ్వెను. నాకును ఆ దినమున ఆ మాట సబబుగనే తోచినది. పాతగోడ మొదట మాత్రము లారీ పోలేదు. అచ్చట పూర్వపు నేల పూర్వపు నేలగనే యున్నది.

మన్ను మన్నే గదా యను మాట సత్యము కాదని నేడు నా దృఢాభిప్రాయము. ప్రతి స్థలపు మంటికిని తనదైన సూక్ష్మజీవుల సమూహము కలదు. ఆ స్థలముయొక్క పరిస్థితులును, అది భూమిమీద నున్న చోటును గలసి దానిని దీర్ఘకాలముగా తీర్చిదిద్దినవి. దానిని ఎఱుగక నేలను త్రవ్వుటయు, పూడ్చుటయు, నాటుటయు కన్నులు మూసికొని చేయు పనులే. ఇందులకు గల ఆధారములను చదువరుల ముందుంచెదను.

మొట్టమొదట మంటిలో నేమున్నదో చూతము. ఇసుక, బంక, కుళ్లిన ఆకు, కొంత నీరు, కొంత గాలి. ఇవి కంటికి గాని ఊహకు గాని అందునవి. కంటికి గానరానివి వీనికంటె తక్కువ ముఖ్యమైనవి కావు. సారవంతమైన మన్ను ఒక గ్రాములో నూఱుకోట్ల వఱకు బాక్టీరియాలు ఉండవచ్చును. అట్టి మన్ను ఒక చెంచాడు తీసికొనిన, అందలి జీవుల సంఖ్య భారతదేశ జనసంఖ్యను మించిపోవును. శిలీంధ్రములు వేఱొక వర్గము. వర్షాకాలమున మొలచు పుట్టగొడుగు ఆ శిలీంధ్రమునకు కాయవంటిది మాత్రమే. దాని దేహము తెల్లని సన్నని దారములుగా భూమిలో వ్యాపించియుండును. ఒక గ్రాము అడవిమంటిలోని ఆ దారములను కొసకు కొస చేర్చినచో నూఱు మీటర్లకు మించుట కలదు.

ఈ జీవకోటి ఊరక కూర్చుండునది కాదు. రాలిన యాకును కుళ్లజేసి మఱల చెట్టునకు ఆహారముగా నొసగునది ఇదియే. గాలిలోని నత్రజనిని మొక్క గ్రహింపదగిన రూపమునకు మార్చునవి ఇందలి కొన్ని జాతులే. వేరుసెనగ మొక్కను పెఱికినప్పుడు వేళ్లమీద కనబడు చిన్నచిన్న బుడిపెలు వాని నివాసములు. భాస్వరము మంటిలో బంధింపబడి కదలకయుండును. వేరు చేరలేని సందులకు శిలీంధ్రపు దారము చేరి దానిని తెచ్చియిచ్చును. ప్రతిఫలముగా మొక్క తన యాకులలో తయారుచేసికొనిన చక్కెరలో కొంత పాలు శిలీంధ్రమునకు పంచును. వేరును శిలీంధ్రమును గూడి చేయు ఈ కాపురమునకు మైకోరైజా యని పేరు. నేలమీది మొక్కజాతులలో హెచ్చుభాగము ఇట్టి కాపురము చేయునవే. తొలకరి చినుకులకు లేచు మట్టివాసన నెఱుగని తెలుగువాడు లేడు. ఆ వాసనలో ముఖ్యమైన జియోస్మిన్ అను పదార్థమును చేయునవియు మంటిలోని సూక్ష్మజీవులే. యాక్టినోబాక్టీరియా అను తెగ అందులకు ప్రసిద్ధి కెక్కినది.

ఈ సమూహము లోకమంతట నొక్కటియేనా యనునది ప్రశ్న. హాలండు దేశీయుడగు బాస్ బెకింగ్ అను శాస్త్రజ్ఞుడు 1934 లో దీనికొక సమాధానము చెప్పెను. సూక్ష్మజీవులు మిక్కిలి చిన్నవగుటచే గాలివెంట, నీటివెంట ఎల్లచోట్లకు చేరగలవనియు, ఏ చోట ఏవి నిలుచునో నిర్ణయించునది ఆ చోటి పరిస్థితియే యనియు ఆయన వాదముయొక్క తాత్పర్యము. ఈ వాదమును పరీక్షించుటకు చాలకాలము తగిన సాధనము లేకపోయెను. గాజుపళ్లెములలో పెంచగలిగిన జీవులు మంటిలోని వానిలో అత్యల్పభాగము. మంటినుండి డీఎన్ఏను నేరుగా వేఱుచేసి చదువు పద్ధతి వచ్చిన పిదప, పెంచకయే వానిని గుర్తుపట్టుటకు వీలు కలిగెను.

ఆ పద్ధతిచే నోవా ఫీరర్, రాబర్ట్ జాక్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఉత్తర దక్షిణ అమెరికాలనుండి తెచ్చిన 98 మంటి నమూనాలను పరిశీలించి 2006 లో తమ ఫలితములను ప్రకటించిరి. బాక్టీరియాల వైవిధ్యమును ముఖ్యముగా నిర్ణయించునది వేడి కాదు, భూమధ్యరేఖనుండి దూరము కాదు, మంటియొక్క పులుపు. దీనిని పీహెచ్ అను అంకెతో కొలుతురు. అంకె 7 అయిన తటస్థము, తగ్గినకొలది ఆమ్లము, హెచ్చినకొలది క్షారము. తటస్థమునకు దగ్గఱగానున్న నేలలలో బాక్టీరియా జాతులు హెచ్చు. చెట్లకును పక్షులకును పుట్టినిల్లని మనము చెప్పుకొను పెరూదేశపు అమెజాను అడవిమన్ను, మిక్కిలి పులుపుగల దగుటచే, ఈ విషయమున వెనుకబడెను. చెట్లు పలుచనైన కొన్ని మెట్టనేలలు దానిని మించెను.

ఇంగ్లండునందు రోథంస్టెడ్ అను వ్యవసాయ పరిశోధనాక్షేత్రము 1843 లో నెలకొల్పబడినది. అందొక పొలమునకు పందొమ్మిదవ శతాబ్దమున సుద్ద చల్లిరి. అది ఒక కొసన హెచ్చుగను, రెండవ కొసకు పోనుపోను తక్కువగను పడెను. కావున రెండువందల మీటర్లకు లోపలనే ఆ పొలమున పీహెచ్ సుమారు 8 నుండి సుమారు 4 వఱకు దిగును. ఎండ యొకటే, వాన యొకటే. అయినను పులుపుగల కొసకంటె సుద్దగల కొసన బాక్టీరియాల వైవిధ్యము దాదాపు రెట్టింపుగా నున్నదని 2010 లో ప్రకటింపబడెను. శిలీంధ్రములు మాత్రము ఆ మార్పునకు అంతగా చలింపలేదు.

మఱి శిలీంధ్రములను శాసించునవి ఏవి? ఎస్టోనియా దేశపు లేహో టెడర్సూ మొదలగువారు లోకమునందు 365 చోట్ల మంటిని సేకరించి 2014 లో దీనికి సమాధానము చెప్పిరి. శిలీంధ్రములపై వర్షపాతమునకును, భూమధ్యరేఖనుండి గల దూరమునకును మిక్కిలి ప్రాబల్యము కలదు. అనేక జాతులు తమ తమ భూభాగములకే పరిమితమైయున్నవి. ఇందులకు భిన్నముగా, ఆఱు ఖండములలో 237 చోట్ల జరిగి 2018 లో వెలువడిన మఱియొక పరిశీలనలో, బాక్టీరియా రకములలో నూటికి రెండు పాళ్లు మాత్రమే దాదాపు అన్ని దేశముల మంటిలోను సగభాగము నాక్రమించియున్నవని తేలెను. అనగా బాస్ బెకింగ్ చెప్పినది పూర్ణసత్యమును కాదు, పూర్ణాసత్యమును కాదు. కొన్ని అంతట నున్నవి. అనేకములు కొన్నిచోట్లనే యున్నవి.

విద్యార్థులారా, దీనిని మీకు తెలిసిన ఉదాహరణముతో చెప్పెదను. పాఠశాలలో చేరుటకు రెండు కావలెను. ప్రవేశపరీక్షలో నెగ్గవలెను, పాఠశాలవఱకు నడచివచ్చు త్రోవయు ఉండవలెను. మంటికి సంబంధించి, ఆ చోటి పులుపు, ఉప్పు, తేమ, వేడి, అచ్చట పెరుగు చెట్లు – ఇవి పరీక్షాధికారులు. కొండలు, సముద్రములు, దూరములు, గడచిన చరిత్ర – ఇవి త్రోవలు. బాక్టీరియాల విషయమున పరీక్షాధికారిదే పెద్ద అధికారము. శిలీంధ్రముల విషయమున త్రోవకును, తోడుండు చెట్టునకును ప్రాముఖ్యము హెచ్చు. ఏ చోటను ఈ రెండింటిలో నొక్కటియే పనిచేయదు.

ఇప్పుడు మన యారాడను చూడుడు. మూడువైపుల కొండలు, నాలుగవవైపున బంగాళాఖాతము. సముద్రపుటొడ్డునుండి కొండకు నడచినచో ఆ కొంచెము దూరములోనే మనము మూడు దేశములు దాటుదుము.

మొదటి దేశము ఇసుక. అది నీటిని నిలుపదు, ఆహారమును నిలుపదు. గవ్వలును ఆలిచిప్పలును అరిగి సున్నము కలియుటచే ఇట్టి తీరపుటిసుక సామాన్యముగా క్షారమువైపు మొగ్గును. పైనుండి ఉప్పుగాలి విసరుచుండును. అట్టిచోట సరుగుడు చెట్టు పచ్చగా నిలుచుట ఆశ్చర్యము గాదా? 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు తీరమున లెక్కలేనన్ని చెట్లు వేళ్లతో సహా కూలెను. ఆ విపత్తులో నేను ఒక పాఠము చదివితిని. కూలిన సరుగుడు వేళ్లమధ్య గుత్తులు గుత్తులుగా బుడిపెలు కనబడెను. అందు ఫ్రాంకియా అను బాక్టీరియా నివసించి గాలిలోని నత్రజనిని చెట్టునకు అందించును. సరుగుడు ఇసుకలో ఒంటరిగా నిలువలేదు, తోడుతో నిలిచినది.

రెండవ దేశము ఊరు. కొబ్బరితోటలు, పశువుల పాకలు, తరతరములుగా వేసిన పెంట, బావినీరు. ఇచ్చటి మన్ను మనుష్యుని చేతితో మాఱినది. పెంటయు తేమయు గలచోట ఆకును కుళ్లబెట్టు బాక్టీరియాలు త్వరత్వరగా పెరుగును.

మూడవ దేశము కొండ. తూర్పుకనుమల ఈ రాయికి ఖోందు జాతివారి పేరున ఖోండలైటు అని నామకరణము చేసిరి. యుగయుగములుగా వానలు ఆ రాతినుండి సున్నము మొదలగు కరుగు పదార్థములను కడిగివేయగా, కరుగని ఇనుము త్రుప్పుపట్టి మిగిలినది, ఎఱ్ఱదనము దానిదే. సున్నము పోయిన మన్ను సామాన్యముగా పులుపువైపు మొగ్గును. పొదల క్రింద, రాలిన యాకుల క్రింద, పలుచని నల్లనిపొర యొకటి కనబడును. వేళ్లతో కాపురము చేయు శిలీంధ్రములకు అదియే రాజధాని. ఈ కొండరాయి అరిగి సముద్రముచేరి కెరటములతో మఱల ఒడ్డునకు వచ్చుచున్నది. మన తీరపుటిసుకలో కనబడు ఎఱ్ఱని నల్లని చారలలో గార్నెటు, ఇల్మనైటు రేణువులు ఆ ప్రయాణమునకు సాక్షులు. రాయి యొకటే. కాని కొండమీద నొక సమూహము, ఒడ్డున నొక సమూహము.

ఇంత చిన్న చోటనే ఇంత భేదముండగా తెలుగుదేశమంతటి మాట చెప్పనేల? అరకులోయలో చల్లదనము, నీడ, కాఫీతోటల యాకుదుప్పటి. గోదావరి డెల్టాలో ఒండ్రుమన్ను. వరిమడిలో నీరు నిలిచి గాలిని అడ్డగింపగా, గాలి యవసరములేని జీవులు అచ్చట మీథేను వాయువును పుట్టించును. రాయలసీమ ఎఱ్ఱనేలలలో వర్షము తక్కువ. వేరుసెనగ బుడిపెలలోని బాక్టీరియాలే అచ్చటి పేదరైతునకు నత్రజని భాండారము. ఈ మూడింటిని “మన్ను” అను ఒక్క మాటతో పిలుచుట, తెలుగును ఒరియాను “భాష” అను ఒక్క పేరుతో పిలిచి ఒకదానికి బదులు మఱియొకటి మాటలాడబూనుట వంటిది.

ఇక మన ఖాళీస్థలమునకు వత్తము. జీవులలో అత్యధికము పై జానెడు మంటిలోనే యుండును. లోతునకు పోయినకొలది వాని సంఖ్య క్షీణించును. కొండను త్రవ్వు యంత్రము జానెడు పైమంటిని, నిలువులోతు క్రిందిమంటిని భేదము లేక కలిపి లారీలో పోయును. కావున మనకు వచ్చినది కొండ కాదు, కొండయొక్క ఎముకలపొడి. దానిక్రింద మన పాతనేల సమాధియయ్యెను. మొక్కలు చచ్చుటకు సూక్ష్మజీవుల కొఱత యొక్కటియే కారణమని నేననను. లారీచక్రములక్రింద నేల గట్టిపడుట, ఆకుసారము లేకుండుట, ఉప్పుగాలి, ఇవియు కారణములే. కాని చచ్చిన మంటిలో జీవమును నాటి, నీటిబిందెలతో దానిని నిలుపజూచితిమనుట మాత్రము నిజము. ఇందులో బాలుర తప్పు ఏమున్నది?

ఇట్టి యనుభవము లోకమునకు క్రొత్త గాదు. ప్యూర్టో రికో ద్వీపమున పైనుచెట్లను పెంచుటకు పలుమాఱులు యత్నించి విఫలులైరి. చెట్టు వచ్చెనుగాని దాని తోడి శిలీంధ్రము సముద్రము దాటి రాలేదు. 1950వ దశకమున ఉత్తర కరోలినా పైను అడవులనుండి కొంచెము మన్ను తెచ్చి మొక్కల మొదట వేయగా, ఆ మొక్కలు నిలద్రొక్కుకొని యెదిగెను. హాలండునందు సాగు విడిచిన పొలములలో, ఒకచోట పచ్చికబయలి మంటిని, వేఱొకచోట పొదలబీటి మంటిని పలుచగా చల్లిచూచిరి. ఏ మన్ను చల్లిరో ఆ మంటికి తగిన మొక్కలసమూహమే అచ్చట పెరుగుటకు మొగ్గు చూపెనని 2016 లో ప్రకటించిరి. అనగా నేల మొక్కకు పానుపు మాత్రమే కాదు. ఏ మొక్క నిలువవలెనో చెప్పుటలో నేలకును ఒక ఓటు కలదు.

చోటుయొక్క విలువను తెలుపు మఱియొక సంగతి తెలుగువారమగు మనకు గర్వకారణము. 1895 లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలయందు పరిశోధనాధ్యక్షులుగా నుండిరి. ఔషధము నొసగగల సూక్ష్మజీవులకై వారి నాయకత్వమున నానాస్థలముల మంటిని తెప్పించి వెదకిరి. 1945 లో బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరి రాష్ట్రపు ఒక పొలముమంటిలో పసిమివన్నె గల జీవిని కనుగొనెను. దానినుండి వచ్చినది ఆరియోమైసిన్. 1948 లో అది లోకమునకు ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ వర్గపు మందులకు అదియే మొదటిది. అంతకుముందు 1943 లో న్యూజెర్సీయందు వాక్స్‌మన్ ప్రయోగశాలలో మంటిజీవినుండియే క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ లభించెను. మన్ను అంతట నొక్కటియే యైనచో ఒక్కచోట వెదకిన చాలును. ఆ పండితులు నానాస్థలముల మంటిని తెప్పింపనేల? మన కొండలమంటిలో నేమున్నదో సంపూర్ణముగా చదివిన వాడింకను లేడు. చదువని తాటాకు గ్రంథములను పొయ్యిలో పెట్టు గృహిణిని మనము మందలింతుము. చదువని కొండను పల్లములో పోయువారిని మెచ్చుకొనుచున్నాము.

దీనికి వచ్చు ఆక్షేపణలను నేనెఱుగనివాడను కాను. మొదటిది జీవనోపాధిని గుఱించినది. విశాఖపట్టణమున 1933 లో ఓడరేవు తెఱువబడెను. ఉక్కు కర్మాగారమునకు 1971 లో పునాదిరాయి వేయబడి, 1992 లో అది జాతికి అంకితమయ్యెను. మన ప్రక్కనే గంగవరము రేవు 2009 లో ఆరంభమయ్యెను. మన విద్యార్థుల తండ్రులలో అనేకులకు అన్నము పెట్టుచున్నవి ఇవియే. పల్లములు పూడ్చక, కొండలు త్రవ్వక ఇట్టి నిర్మాణములు జరుగునా యని అడుగుదురు. జరుగవు. త్రవ్వవలదని నేననుట లేదు. త్రవ్వుటకు ముందు పై జానెడు మంటిని వేఱుగా తీసి ప్రక్కనుంచి, పని ముగిసిన పిదప దానిని పైననే పఱపుడని మాత్రము అనుచున్నాను. ఇది అసాధ్యమైన పనియు కాదు, అధికవ్యయము గలదియు కాదు. ఒక అంగుళము పైమన్ను ఏర్పడుటకు ప్రకృతికి కొన్ని వందల యేండ్లు పట్టును. దానిని వేఱుచేయుటకు మనకు పట్టునది ఒక పూట.

రెండవ ఆక్షేపణ: సూక్ష్మజీవులు గాలిలో నెగిరివచ్చును గదా, కాలక్రమమున తామే చేరవా? చేరును. కొన్ని మొదటి వర్షమునకే చేరును. కాని ముందుగా వచ్చునవి మనకు కావలసినవే కానక్కఱలేదు. వేళ్లతో కాపురము చేయు శిలీంధ్రములు కొన్ని మెల్లగా వచ్చును. ఆ లోపల పది వనమహోత్సవములు జరిగి పదిమాఱులు మొక్కలు చచ్చును.

మూడవది: అంగడిలో జీవన ఎరువుల పొట్లములు దొరకును గదా? వానిని నేను తూలనాడను. తగిన పైరునకు తగిన జాతిని వేసిన మేలు కలుగును. సోయాచిక్కుడు వంటి క్రొత్తపైరును తొలిసారి వేయునప్పుడు అట్టి పొట్లము మిక్కిలి యుపయోగకారి. కాని ఎక్కడనో పెంచిన జీవి మన నేలయొక్క ప్రవేశపరీక్షలో నెగ్గవలెను గదా! ఇచ్చటి ఉప్పునకు, పులుపునకు ఓర్వలేక అది నశించుటయు, స్థానికజాతుల పోటీకి నిలువలేకపోవుటయు కలదు. కావున పరిచయము లేని అతిథిని పిలుచుటకు ముందు ఇంటిని ఎఱుగుట మంచిది.

భీమునిపట్టణపు త్రోవలోని ఎఱ్ఱమట్టి దిబ్బలను భూవారసత్వముగా ప్రభుత్వసంస్థలు గుర్తించినవి. అది సంతోషకరమే. అవి అపురూపములు గనుక మనకు కనబడినవి. సామాన్యమైన మన్ను కనబడదు. ప్రతిదినము కాలిక్రింద నుండునది గౌరవమునకు దూరమగుట లోకసహజము. ఆ సహజమును దిద్దుటయే పాఠశాలయొక్క పని గాదా?

ఇందులకై మూడు విన్నపములు చేసికొనుచున్నాను. మొదటిది, పాఠశాల ఆవరణముయొక్క నాలుగు మూలలనుండియు, పాతగోడ మొదటనుండియు మన్ను తీసి భూసారపరీక్షకు పంపుదము. పీహెచ్ తెలియుటకు పెద్ద ఖర్చు కాదు. రెండవది, రాబోవు వనమహోత్సవమున గోతులను రెండు పాళ్లుగా విభజింతము. సగము గోతులలో మామూలుగా నాటుదము. తక్కిన సగము గోతులలో, మన ఊరిలోనే ఆరోగ్యముగా పెరుగుచున్న అదే జాతిచెట్టు మొదటనుండి ఒక దోసెడు మన్ను వేసి నాటుదము. దోసెడు మాత్రమే; లారీతో తెచ్చినచో మనమును ఆ తప్పునే చేసినవారమగుదుము. రెండు సగములకును నీరు సమముగా పోయుదము. రాలిన యాకులను ఊడ్చి తగులబెట్టు అలవాటును మాని, గోతులచుట్టు పఱతము. ఏది నిజమో అభిప్రాయము చెప్పనక్కఱలేదు. సంక్రాంతినాటికి మొక్కలే చెప్పును. నా వాదము తప్పని అవి చెప్పినచో వచ్చు సంవత్సరపు సంచికలో ఈ పుటలమీదనే నేను ఒప్పుకొందును. మూడవది, ఇకమీదట మన నివేదికలో ఎన్ని మొక్కలు నాటితిమో వ్రాయుట మాని, ఎన్ని బ్రతికినవో వ్రాయుదము.

విద్యార్థులారా, మీకు ఒక్క చిన్నపని. వేసవి సెలవులకు మీలో కొందఱు అరకువైపునకు, కొందఱు గోదావరిజిల్లాలకు, కొందఱు శ్రీకాకుళమునకు బంధువుల యిండ్లకు పోవుదురు. మఱలివచ్చునప్పుడు ఒక పిడికెడు మన్ను కాగితపు పొట్లములో కట్టి తెండు. పొట్లముమీద ఊరిపేరు, తీసినచోట నున్న చెట్టుపేరు వ్రాయుడు. ఊరు కదలనివారు సముద్రపుటొడ్డునుండి ఒకటి, కొండమొదటనుండి ఒకటి తెండు. వానిని సామాన్యశాస్త్రపు గదిలో పొడవైన బల్లమీద వరుసగా నుంచి, ఒక్కొక్కదానిపై నాలుగు బొట్లు నీరు చల్లి వాసన చూతము. “మన్ను మన్నే గదా” యని అప్పుడెవరైన అన్నచో, వారిని ఆ బల్లయొద్దకు పిలిచికొనిపోయి నిలుపుడు.